అబద్ధానికి 48 గంటల గడువు

అమెరికా వచ్చాక నేను సంతకం పెట్టి మరీ ఆడిన మొదటి అబద్ధం టపాకాయల కోసం. ఒహాయోలో కాపురం పెట్టిన కొత్త. హైవే పక్కన సినిమా హాలంత కొట్టు, దాని నెత్తిన ఏనుగంత గాలిబొమ్మ. తోపుడుబండిలో నాలుగు తారాజువ్వలు, ఒక పెట్టె సీమటపాకాయలు వేసుకుని కౌంటర్ దగ్గరికి వస్తే, అక్కడి కుర్రాడు డబ్బు కంటే ముందు ఒక కాగితం నా ముందుకు తోశాడు. కొన్న సరుకును 48 గంటల్లోగా రాష్ట్రం దాటిస్తానని అందులో నేను హామీ ఇవ్వాలి.

"మా ఇల్లు ఇక్కడికి పదిహేను మైళ్ళు. రాష్ట్రం దాటించి ఎక్కడికి పట్టుకెళ్ళను?" అన్నాను, బుద్ధిమంతుడిలా.

వాడు నాకేసి జాలిగా చూశాడు. "అందరూ పెడతారు, మీరూ పెట్టండి" అన్నాడు. నా వెనక వరసలో నిలబడ్డ టోపీ పెద్దాయనకు ఓపిక నశించి, జేబులోంచి తన పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. అలా నా చేత ఒక అబద్ధం ఆడించడానికి ఒక ప్రభుత్వం, ఒక వ్యాపారి, ఒక పెద్దమనిషి కలిసి చెయ్యి వేశారు. ఆ సాయంత్రమే సరుకంతా మా పెరట్లో కాల్చేశాను. 48 గంటల గడువులో 45 గంటలు మిగిలిపోయాయి.

ఆ కాగితానికి ఒహాయో జనం పెట్టుకున్న ముద్దుపేరు "అబద్ధాలకోరు చట్టం". ఏళ్ళ తరబడి అది దర్జాగా నడిచింది. సరుకు తెచ్చుకోవచ్చు, అమ్మొచ్చు, కొనొచ్చు. పేలేవీ పైకెగిరేవీ రాష్ట్రం లోపల కాల్చకూడదు, అంతే. దేశంలో పేరుమోసిన టపాకాయల కంపెనీ ఫాంటమ్ ఫైర్‌వర్క్స్ ప్రధాన కార్యాలయం ఈ రాష్ట్రంలోనే, యంగ్స్‌టౌన్‌లో ఉంది. వీధివీధికీ మాంసం కొట్టు తెరిపించి, ఊరంతా శాకాహారులేనని రికార్డుల్లో రాసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పక్కనే ఇండియానా. 2006 దాకా అక్కడా ఇంచుమించు ఇదే తంతు, ఇలాంటి కాగితమే. అంటే ఒహాయో వాడు "ఇండియానాకి పట్టుకుపోతాను" అనీ, ఇండియానా వాడు "ఒహాయోకి పట్టుకుపోతాను" అనీ ఏటా ప్రమాణాలు చేసేవాళ్ళన్న మాట. ఆ ప్రమాణాల్లో సగం నిజమైనా జూలై మొదటి వారంలో సరిహద్దు రోడ్డు మీద మందుగుండు బళ్ళు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కుపోవాలి. ఒక్కసారీ ఇరుక్కోలేదు. ఆ సంగతి రెండు రాష్ట్రాల శాసనసభలకూ తెలుసు. తెలిసి ఊరుకోవడాన్నే ఇక్కడ పరిపాలన అంటారు. చివరికి ఇండియానా కాగితం పక్కన పడేసి, కొనుగోలు మీద 5 శాతం ప్రజాభద్రత రుసుం పెట్టింది. 5 శాతం కట్టాక అదే తారాజువ్వ ఎంత భద్రంగా ఎగురుతుందో ఇండియానా వాళ్ళే చెప్పాలి.

ఇంతకంటే ముదురు పెన్సిల్వేనియా. మా బావమరిది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాడు. దీపావళి ముందు వారం డెలావేర్ నది దాటి అవతలి ఒడ్డున టపాకాయలు కొనేవాడు. "బావా, ఇక్కడో విచిత్రం, పెన్సిల్వేనియా లైసెన్సు చూపిస్తే అమ్మరట, న్యూజెర్సీది చూపిస్తే అమ్ముతారట" అని ఫోన్ చేసి పగలబడి నవ్వాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. 2017 వరకు పెన్సిల్వేనియాలో పేలే టపాకాయలూ ఎగిరే జువ్వలూ పైరాష్ట్రాల వాళ్ళకే. సొంత జనానికి అమ్మితే సొంత గడ్డ మీద కాలుస్తారని భయం. పొరుగువాడి ఇల్లు ఏమైపోయినా బెంగలేదు.

సరే, న్యూజెర్సీ వాడు కొన్నాడు. కొని ఎక్కడ కాల్చాలి? న్యూజెర్సీలో 2017 జూన్ దాకా కాకరపువ్వొత్తి ముట్టించినా తప్పే. అమ్మిన చోట కాల్చకూడదు, తెచ్చుకున్న చోట ఉంచుకోనే కూడదు. ఇక మిగిలింది నది. పడవేసుకుని డెలావేర్ మధ్యకి వెళ్దామంటే, ఆ నీళ్ళలోనూ సగం వాళ్ళవి, సగం వీళ్ళవి. త్రిశంకుడికైనా ఒక స్వర్గం కట్టిచ్చారు గానీ ఈ సరుకుకి ఆ యోగమూ లేదు.

మరి 2017లో పెన్సిల్వేనియాకి జ్ఞానోదయం ఎలా అయింది? టపాకాయలు రాత్రికి రాత్రి సాధువులైపోయాయా? అదేం లేదు. బడ్జెట్‌లో చిల్లి పడింది. మామూలు అమ్మకం పన్ను 6 శాతం, దాని మీద టపాకాయలకు ప్రత్యేకంగా మరో 12 శాతం వేసి, మా వాళ్ళే కాల్చుకోవచ్చని తలుపులు తీశారు. ఇన్నేళ్ళూ పిల్లల కళ్ళూ వేళ్ళూ అంటూ కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు, ఒక వేలికి ఇంత అని రేటు కట్టినట్టయింది. పైగా ఒక షరతు. మనుషులుండే ఏ కట్టడానికైనా 150 అడుగుల దూరంలోనే కాల్చాలి. మన వాళ్ళుండే టౌన్‌హౌసుల్లో వంటింటి గోడకీ పక్కింటి పడగ్గదికీ మధ్య 150 అంగుళాలుంటే గొప్ప. చట్టం చేసినాయనకి ఎంత పొలముందో గానీ, మేలే జరిగింది ఆయనకి.

మసాచుసెట్స్‌ది ఇంకో రకం పాతివ్రత్యం. దేశం మొత్తం మీద జనం చేతికి ఏ రకం టపాకాయా ఇవ్వని రాష్ట్రం అదొక్కటే. కాకరపువ్వొత్తి కూడా అక్కడ నిషేధమే. ఇంత నిష్ఠ గల రాష్ట్రంలో పట్టుబడితే శిక్షేమిటని అడగండి. సరుకు లాక్కుంటారు, ఆపైన 10 నుంచి 100 డాలర్ల జరిమానా. బోస్టన్‌లో పది డాలర్లకి రెండు ప్లేట్ల సమోసాలు రావు. ఉత్తరాన గీత దాటితే న్యూహాంప్‌షైర్, సీబ్రూక్‌లో దుకాణాలు దీపాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటాయి. దక్షిణాదిన షార్లెట్‌దీ అదే కథ. నేల విడిచి ఎగిరేదీ, పేలేదీ ఉత్తర కరోలినాలో కుదరదు. ఊరు దాటి ఫోర్ట్ మిల్ వెళ్తే దక్షిణ కరోలినా, అక్కడ అడిగేవాడు లేడు. షార్లెట్ తెలుగువాళ్ళకి ఫోర్ట్ మిల్ దారి, గుడి దారి ఎంత బాగా తెలుసో అంత బాగా తెలుసు.

ఇంతకీ టపాకాయలో ఎంత మందు ఉండాలో తేల్చేది మాత్రం రాష్ట్రాలు కాదు, కేంద్రం. జనం చేతికిచ్చే నేల టపాకాయలో 50 మిల్లీగ్రాములకు మించకూడదు. 1966లోనే ఎం-80, చెర్రీ బాంబు లాంటి పెద్ద రకాలను పిల్లల రక్షణ పేరిట నిషేధించారు. మంచి పనే. మా ఊరి తాటాకు టపాకాయ ఈ 50 మిల్లీగ్రాముల లెక్క వింటే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతుంది గానీ, ఆ నవ్వులో ఎందరి వేళ్ళు పోయాయో కూడా నాకు తెలుసు. కేంద్రం మందును కొలిచింది. రాష్ట్రాలు జనం జేబును కొలిచాయి. ఊళ్ళు ఎటూ తేల్చుకోలేక ఓట్లను కొలిచాయి.

నిప్పుతో పరాచికాలు వద్దనేవాళ్ళని నేను వెక్కిరించను. 2020 సెప్టెంబరులో కాలిఫోర్నియా యుకైపా దగ్గర ఓ కుటుంబం, పుట్టబోయేది ఆడపిల్లో మగపిల్లాడో రంగుపొగతో చుట్టాలకి చెప్పబోయింది. ఎండుగడ్డి అంటుకుంది. ఎల్ డొరాడో మంటగా పేరుపడ్డ ఆ నిప్పు 22,000 ఎకరాలకు పైగా కాల్చింది. ఆర్పడానికి వెళ్ళిన ఫైర్‌మన్ ఒకడు తిరిగి రాలేదు. అలాంటి చోట చట్టం గట్టిగా ఉండాల్సిందే. అది పట్టుకోవాల్సింది నిప్పును. సంతకాలు పట్టుకుంటే ఆరే మంట ఎక్కడా లేదు.

పట్టుకునేవాళ్ళ నేర్పు ఏపాటిదో లాస్ ఏంజెలెస్‌లో తెలిసింది. 2021 జూన్ 30. దక్షిణ లాస్ ఏంజెలెస్ 27వ వీధిలో ఓ ఇంట్లో దొంగ మందుగుండు టన్నులకొద్దీ దొరికింది. చాలామటుకు బండ్లకెత్తి తరలించారు. చేత్తో చుట్టిన బాంబులు కొన్ని కదిపితే ప్రమాదమని, వాటిని అక్కడే పేల్చేద్దామని పోలీసు బాంబు దళం ఒక ఉక్కు గోళం ఉన్న లారీ తెచ్చింది. ఎంత పేలుడు పట్టినా ఆ గోళం బయటికి పొక్కనివ్వదని నమ్మకం. మందు ఎంతుందో తూచారా? లేదు, కంటితో చూసి అంచనా కట్టారు. పదహారున్నర పౌండ్లనుకున్నది, తరవాత లెక్క చూస్తే నలభై పైచిలుకు తేలింది. జీలకర్ర పొట్లం కట్టే కిరాణా కొట్టాయన కూడా కంటితో తూచడు. లారీ తునాతునకలైంది. ఇళ్ళ కిటికీలు, కార్లు ధ్వంసమయ్యాయి. 17 మందికి గాయాలు, అందులో పోలీసులే ఎక్కువ. ఆ ఏడు జూలై 4 పండగకి ఆ వీధిలో జరిగిన అతి పెద్ద పేలుడు పూర్తిగా ప్రభుత్వ నిర్వహణలో, నాలుగు రోజులు ముందుగా జరిగిపోయింది.

ఇప్పుడు మా ఒహాయోకి వద్దాం. 2021 జూలైలో టపాకాయల బిల్లొకటి వీటో చేసిన గవర్నర్ మైక్ డివైన్, నవంబరులో అలాంటిదే ఇంకో బిల్లు మీద సంతకం చేశారు. సంతకాల రాష్ట్రం కదా, మనసు మారడానికి నాలుగు నెలలు చాలు. అబద్ధాలకోరు చట్టం ఇంటికి పోయింది, 4 శాతం రుసుం ఇంట్లోకి వచ్చింది. 2022 జూలై 1 నుంచి కొన్ని పండగలకి జనం తమ చోట తామే కాల్చుకోవచ్చు. ఆ పండగల జాబితా చదువుతూ నా కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. కొత్త సంవత్సరం, చైనా వాళ్ళ కొత్త సంవత్సరం, సింకో డి మాయో, జూన్‌టీన్త్, జూలై 4, లేబర్ డే, వాటి మధ్యలో... దివాలి! మన దీపావళి, ఉత్తరాది యాసలోనైనా సరే, ఒహాయో శాసనంలోకి ఎక్కి కూర్చుంది. ఆ రాత్రి వాట్సాప్‌లో మావాళ్ళు చేసుకున్న పండగ అసలు దీపావళికి కూడా చేసుకోలేదు. "మన సత్తా చూశారా" అని ఒకాయన. "ఇదంతా మా సంఘం కృషే" అని ఇద్దరు. ఆ ఇద్దరూ రెండు వేర్వేరు సంఘాల అధ్యక్షులు.

ఆ చట్టాన్ని ఎవరూ చివరిదాకా చదవలేదు. ఇష్టం లేని ఊరు తన వరకు దీన్ని ఆపుకోవచ్చని అందులో ఉంది. ఆపుకున్నాయి. కొలంబస్, క్లీవ్‌లాండ్, సిన్సినాటి, మూడు పెద్ద నగరాలూ వద్దన్నాయి. శివారు ఊళ్ళు కూడా అనేకం అదే దారి పట్టాయి. మా ఊరు ముందే పట్టింది, పేరెందుకు లెండి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనకో సామెత ఉందిగా, దాన్ని అసెంబ్లీలో పెట్టి చట్టం చేస్తే ఇలాగే ఉంటుంది. దీపావళి చేసుకునేవాళ్ళు ఎక్కడ కాపురముంటున్నారో సరిగ్గా అక్కడ దీపావళి చెల్లదు. నరమానవుడు లేని సోయాబీన్ చేలల్లో మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది.

2024లో దీపావళి ఇక్కడ అక్టోబరు 31న పడింది. అదే రోజు హాలోవీన్. మా అత్తగారు తణుకు నుంచి వచ్చి ఉన్నారు. సాయంత్రం తలుపు తీసేసరికి కొమ్ములూ కోరలూ తగిలించుకున్న పిల్లలు మూకలు మూకలుగా మిఠాయి కోసం వస్తున్నారు. "ఏమిటి అల్లుడుగారూ, నరకాసురుడి సైన్యమంతా మనింటికే వస్తోంది?" అన్నారావిడ. వచ్చిన ప్రతి అసురుడికీ చాక్లెట్‌తో పాటు ఒక బూరె కూడా పెట్టారు. దీపాలు పెట్టి, లక్ష్మీపూజ అయ్యాక, డ్రైవ్‌వేలో నాలుగు కాకరపువ్వొత్తులు వెలిగించాం. దానికి పేచీ లేదు, ఒహాయోలో అవి ఎప్పుడూ తప్పు కాదు. ఆ తరవాతే నాకు బుద్ధి గడ్డి తిన్నది. ఒక చిచ్చుబుడ్డి తెచ్చి సిమెంటు మీద పెట్టాను. ఒకే ఒక్కటి. పక్కింటి అస్థిపంజరం, ఎదురింటి మంత్రగత్తె పరిగెత్తుకొచ్చి చుట్టూ నిలబడ్డారు. తెల్లటి పువ్వులు ఆరడుగులు లేచి, కింద పడి, ఆరిపోయాయి. మొత్తం కలిపి అర నిమిషం.

పన్నెండు నిమిషాలకి పోలీసు కారు వచ్చింది.

కుర్రవాడే, మర్యాదస్తుడు. ఎవరో ఫోన్ చేశారన్నాడు. నేను ఫోన్‌లో రాష్ట్ర చట్టం తీసి, దివాలి అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను. ఓపిగ్గా చదివాడు. "రాష్ట్రం సరేనంది సార్, ఊరు సరేననలేదు" అన్నాడు. ఆరిపోయిన చిచ్చుబుడ్డి చుట్టూ టార్చిలైటు తిప్పి, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను. ఇది అమెరికాలో నా రెండో అబద్ధం, దీనికి సంతకం అడగలేదు.

"ఏమంటాడు?" అన్నారు అత్తగారు తలుపు చాటునుంచి. చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే నరకాసురుణ్ని ఊరి పొలిమేర అవతలికి తీసుకెళ్ళి చంపుకోవాలా? ఈ సంగతి సత్యభామకి ఎవరు చెప్తారు?" అన్నారు. కాగితం రుమాలులో బూరెలు పెట్టి అతనికి అందించారు. డ్యూటీలో ఉన్నానని ఒకటే తీసుకున్నాడు.

ఫోన్ చేసిందెవరో మర్నాడు తెలిసింది. అమెరికావాడెవడో అనుకున్నాను గానీ, మూడిళ్ళ అవతల ఉండే మనాయనే. కుక్కపిల్ల బెదిరిందట. పాపం, నిజంగానే బెదిరి ఉంటుంది. అదే పెద్దమనిషి ఆ ముందు జూలై 4న మిత్రులతో కలిసి చందా వేసుకుని రాత్రి పన్నెండున్నర దాకా మా వీధి ఆకాశాన్ని చీల్చి చెండాడాడు. ఆ రోజు కుక్కపిల్లకి దేశభక్తి పొంగి చెవులు మూసుకుందేమో. ఆ రాత్రి ఊరంతా తెల్లవార్లూ పేలుతూనే ఉంది. నిషేధం అప్పుడూ ఉంది, ఇదే కారు అప్పుడూ ఉంది. మా వీధి మలుపులో దీపాలార్పుకుని నిలబడి, అందరితో పాటు పైకి చూస్తూ ఉంది. మెజారిటీ జనం కాలిస్తే పండగ. నలుగురు కాలిస్తే ఫిర్యాదు.

అత్తగారి ముందు మన దేశం గొప్పలు చెబుదామనుకుంటే ఆవిడే సాగనివ్వలేదు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకి రాత్రి 8 నుంచి 10 దాకా రెండే గంటలు ఇచ్చింది. కాలుష్యం తక్కువ రకాలే అమ్మాలంది, బేరియం లవణాలు వద్దంది, తప్పితే ఆ ప్రాంతపు పోలీసు స్టేషన్ అధికారే జవాబుదారీ అంది. తలంటు పోసుకుని తెల్లారకుండా కాల్చేది మా ఆచారమని తమిళనాడు వెళ్ళి మొరపెట్టుకుంటే, వేళలు మీ ఇష్టం గానీ రెండు గంటలు దాటొద్దని సర్దుబాటు చేసింది. "మా వీధిలో ఆ గంటలు ఏ గడియారంలో చూసుకోవాలో ఎవరికీ తెలీదు బాబూ, ఒంటిగంటకి కూడా లక్ష్మీబాంబులే" అన్నారావిడ. దుకాణాల సంగతీ అంతే. తాత్కాలికపు కొట్లు ఒకదానికొకటి 3 మీటర్ల ఎడంగా ఉండాలి, ఎదురెదురుగా ఉండకూడదు, ఒక్కచోట 50కి మించకూడదు. ఇవి 2008 పేలుడు పదార్థాల నిబంధనల్లో ఉన్నవే. మన మునిసిపల్ గ్రౌండుల్లో ఈ కొట్టు రేకు మీద ఆ కొట్టు పరదా కడతారు. చుట్టే చేతుల గోడు ఎవరికీ పట్టదు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి 8 మంది పోయారు. దీపావళికి ఇంకా ఆరు నెలలుంది. ఎనిమిదికా పదికా అని గంటలు లెక్కపెట్టే చట్టం ఆ కూలీలు మందు కూరే వేళకి ఎక్కడా కనబడదు.

అమెరికాలోనూ అంతే. ఇక్కడ కాల్చే సరుకులో చాలా భాగం చైనాలో ఎవరి చేతులో చుట్టిందే. ఒహాయో, పెన్సిల్వేనియా, ఇండియానా, ఎవరి కాగితంలోనూ ఆ చేతుల గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా ఒకటే గోల. మా గీత అవతల పేలితే మాకేం, ఇవతల అమ్మితే మాకెంత?

నేను అడిగేది పెద్దదేం కాదు. జూలై 4న కళ్ళు మూసుకున్న ఊరు ఏడాదికో సాయంత్రం, రెండు గంటలు, రోడ్డుకి దూరంగా ఒక పార్కులో, ఒక ఫైరింజన్ పక్కన పెట్టి చిచ్చుబుడ్లు వెలిగించుకోనివ్వాలి. అదీ కుదరదంటే జూలై 4న కూడా ఆ కారు దీపాలు వేసుకుని మూడిళ్ళ అవతలి ఆయన గుమ్మంలో ఆగాలి.

ఇదే మాట మా నగర కౌన్సిల్‌లో చెప్పాను. నెలకి రెండు సోమవారాలు సాయంత్రం 7 గంటలకి సమావేశం, ఎవరైనా వెళ్ళి మైకు ముందు మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మా ఊళ్ళో తెలుగు ఇళ్ళు నాలుగు వందలకి తక్కువుండవు. ఆ రోజు వచ్చిన తెలుగువాళ్ళం ఇద్దరం. రెండో ఆయన పార్కింగ్ గురించి మాట్లాడాడు.